ఉన్నదే చెప్పిన స్తోత్రం

పోయిన శనివారం మధ్యాహ్నం మా తమ్ముడి కూతురు సునీత నంద్యాల బస్సు దిగి, తన ఐదేళ్ళ పిల్ల బ్లెస్సీని చెయ్యి పట్టుకుని ఆళ్ళగడ్డలో మా ఇంటికి వచ్చింది. చేతిలో ఒకటే సంచి. దాని పక్క జేబులో నీళ్ళ సీసా, పైన తాడుకు కట్టిన చిన్న చెప్పుల జత. ఆ సంచి తెరవకముందే అందులో ఉన్నవన్నీ పిల్ల బట్టలేనని నాకు తెలిసిపోయింది. ఇద్దరు ఉండటానికి వచ్చినప్పుడు సంచి అలా ఉండదు. సునీత మొగుణ్ణి వదిలి చాగలమర్రి నుంచి పుట్టింటికి వచ్చి మూడు నెలలయింది. అతను కొడతాడన్న సంగతి మా వాళ్ళకు తెలిసేటప్పటికే ఆరేళ్ళ కాపురం గడిచిపోయింది. ఇప్పుడు నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చీటీలు రాసే పని చేసుకుంటూ మా తమ్ముడింట్లో ఉంటోంది.

పిల్ల కాళ్ళు కడుక్కుని మజ్జిగ తాగిందో లేదో, పక్కింటి పాప ఆడుకోవడానికి వచ్చింది. పావుగంట కూడా కాలేదు, ఆ పాప ముంజేతి మీద పళ్ళ గాట్లు పడ్డాయి. నేను వెళ్ళి విడదీసేలోపే సునీత పరుగున వచ్చి బ్లెస్సీ వీపు మీద రెండు వేసింది. "అచ్చం మీ నాయనవే నువ్వు. యాడికి పోయినా ఇదే పని నీకు" అంది. పిల్ల ఏడవలేదు. భుజాలు చెవుల దాకా ఎత్తుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, తర్వాతి దెబ్బ కోసం నిలబడింది. ఆ నిలబడడం నాకు తెలుసు. పక్కింటి పాపను వాళ్ళమ్మకు అప్పజెప్పి, ఏమనుకోవద్దని చెప్పి నేను తిరిగి వచ్చేసరికి సునీత గడప మీద కూర్చుని తన అరచేతిని తనే చూసుకుంటోంది.

"అత్తా, ఈ పిల్లను నువ్వు పెట్టుకో. నాతోని కాదు."

"ఎన్నాళ్ళు?"

"ఏమో. బుద్ధి కుదిరేదాంక. ఆడ వదిన పిల్లోళ్ళను కరుస్తాండాది, బళ్ళో కరుస్తాండాది. వదిన మొగం మాడ్చుకుంటాది. నేను పనినుంచి వచ్చినాంక కొడ్తా. కొట్టి ఏడుస్తా. మల్లా పొద్దున కొడ్తా. ఎవురికి మంచిదిది?"

సాయంత్రం తమ్ముడు ఫోను చేశాడు. "వచ్చిండారా అక్కా?" అన్నాడు. వచ్చారన్నాను. "పెట్టుకో కొన్నాళ్ళు. నిన్ను పెద్దమ్మ పెట్టుకోల్యాదా? నువ్వు బాగుపడల్యాదా? నా నొసట గీత గీసిన చెయ్యి, ఇప్పుడు ఆదివారం బళ్ళో పిల్లోళ్ళ తలలు నిమురుతాండాది" అని నవ్వాడు. ఆ గీత గురించి ఎప్పుడు మాట్లాడినా వాడు నవ్వుతాడు. రేపు పొద్దున చెప్తానని పెట్టేశాను.

అవునని అప్పుడే ఎందుకు అనలేకపోయానో నాకే తెలియలేదు. ఎవరికైనా ఒక ముద్ద పెట్టమని, ఒక చాప పరచమని దేవుడు అడిగితే కాదనే అలవాటు నాకు లేదు. నాకు జరిగిన మేలుకు అది తిరిగి ఇవ్వడమే అనుకుంటాను. అయినా ఆ సాయంత్రమంతా ఒక చోట కూర్చోలేకపోయాను. ప్రార్థనకని చాప వేసుకుంటాను, కళ్ళు మూస్తాను, పొయ్యి మీద ఏదో ఉందని లేస్తాను. పొయ్యి మీద ఏమీ ఉండదు. మళ్ళీ కూర్చుంటాను. మా అమ్మ నన్ను ఈ ఇంట్లోనే, ఈ గడప దగ్గరే దించి వెళ్ళింది. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఆ కథను ప్రార్థన కూడికల్లో సాక్ష్యంగా ఎన్నోసార్లు చెప్పాను. విన్నవాళ్ళు స్తోత్రం అన్నారు. ఎన్నిసార్లు చెప్పినా ఒక ముక్క వదిలేసే చెప్పాను.

మేము నంద్యాలలో పత్తి మిల్లు వెనక సందులో ఉండేవాళ్ళం. నాయన ఆ మిల్లులో ఫిట్టరు. ఆ సందులో గాలిలోనే దూది ఉండేది; ఆరేసిన బట్టల మీద, మంచం పట్టెల మీద, మా జుట్టులో తెల్లటి పోగులు. పత్తిగింజలు వేడెక్కిన వాసన, యంత్రాలకు పూసే జిడ్డు వాసన కలిసి నాయన కంటే ముందే ఇంట్లోకి వచ్చేవి. నాయన తాగేవాడు కాడు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి సంగతి వినగానే అందరూ అడిగేది అదే. బీడీ కూడా ముట్టలేదు ఆయన. మిల్లు నుంచి వచ్చి, ఒళ్ళు రుద్దుకుని, తెల్ల చొక్కా తొడుక్కుని గుడికి పోయేవాడు. మా చర్చిని మేము గుడి అనే అంటాం. అక్కడ డోలక్ ఆయనదే. ఆయన పాట ఎత్తుకుంటే ముసలమ్మలు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. "జయరాజు గొంతులో దేవుడుండాడు" అనేవాళ్ళు. అమ్మ వాళ్ళ పక్కనే, కొంగు మెడ నిండా చుట్టుకుని కూర్చునేది.

నాయన వచ్చే వేళకు అమ్మ చేతులు ఏ పనిలో ఉన్నా చెవులు మాత్రం వీధిలో ఉండేవి. నాయన సైకిలు స్టాండు వేసే చప్పుడును బట్టి ఆ సాయంత్రం ఎలాంటిదో ఆమెకు తెలిసేది. మెల్లగా వేస్తే పరవాలేదు. ఒక్క తన్నుతో వేస్తే ఆమె మొదట చేసే పని మమ్మల్ని గిల్లడం. తొడ మీద, గౌను కింద, ఎవరికీ కనపడని చోట గిల్లి, "నోరు మూసుకుని కూకోండి" అనేది. తమ్ముడికి అప్పుడు ఐదేళ్ళు. వాడు నవ్వినా గిల్లేది, ఏడ్చినా గిల్లేది. వాడి నవ్వు వల్ల నాయనకు కోపం వచ్చి, ఆ కోపం తన మీదకే వస్తుందని ఆమె భయం. నాయన మమ్మల్ని కొట్టింది తక్కువ. అమ్మే కొట్టేది, ఆయన రాకముందు ఒకసారి, ఆయన కొట్టిన మరునాడు పొద్దున ఒకసారి. గరిటె, చీపురు, చేతికి ఏది దొరికితే అది. కొట్టిన చేతితోనే మధ్యాహ్నం కొబ్బరినూనె రాసేది. ఆమెను చూస్తే నాకు జాలి, కోపం, భయం మూడూ ఒకేసారి వచ్చేవి. ఎనిమిదేళ్ళ పిల్ల ఆ మూడింటిని పెట్టుకుని ఏం చేస్తుంది?

నేను ఆడుకున్నాను. మిగతా పిల్లలు ఆడే సంసారం ఆటే. పెరట్లో ఇటుకలతో పొయ్యి, ఇసుక అన్నం. మా ఆటలో నేను నాయన, తమ్ముడు అమ్మ. వాడు కొంగులాగా తువ్వాలు కప్పుకుని ఆకులో ఇసుక వడ్డించేవాడు. నేను ఒక ముద్ద నోటి దాకా తెచ్చి, ఆపి, "ఇది కూడేనా?" అనేదాన్ని. వాడు "తప్పయిపాయ" అనేవాడు. అప్పుడు నేను ఆకు విసిరేసి ఒకటి వేసేదాన్ని. మొదట్లో తట్టినట్టు వేసేదాన్ని. రోజులు గడిచేకొద్దీ గట్టిగా పడేది. వాడు ఏడ్చేవాడు కాడు, ఆట కాబట్టి. ఒకరోజు ఆకు బదులు ఇత్తడి చెంబు చేతికి వచ్చింది. అది వాడి నొసట తగిలి, కనుబొమ్మ పైన చీలి రక్తం కళ్ళలోకి కారింది. వాడు అప్పుడు కూడా "తప్పయిపాయ" అన్నాడు.

అమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. రక్తం కంటే ముందు ఆమె మా మాటలు వినింది. తమ్ముణ్ణి చంకనెత్తుకుని ఆసుపత్రికి పోయి, నాలుగు కుట్లు వేయించుకుని వచ్చి, వాణ్ణి పడుకోబెట్టి, అప్పుడు నా దగ్గరకు వచ్చింది. ఆ దెబ్బల గురించి రాయను. కానీ ఆపాక ఆమె అన్న మాట రాయాలి. "నీకు గూడా మీ నాయన బుద్ధే వచ్చిండాది" అంది. కోపంతో కాదు. గోడకు ఆనుకుని, ఊపిరి అందక, జ్వరం వచ్చిందని చెప్పినట్టు చెప్పింది. నేను నమ్మాను. అమ్మ చెప్పింది కాబట్టి నమ్మాను. నాలో నాయన ఉన్నాడని, ఇక పోడని.

వారం తిరక్కముందే అమ్మ నన్ను బస్సెక్కించి ఆళ్ళగడ్డ తెచ్చింది. ఎస్తేరు పెద్దమ్మ అమ్మకు అక్క, భర్త పోయి చాలా ఏళ్ళయిన మనిషి. బస్టాండు దగ్గర ఈ రెండు గదుల ఇంట్లో ఉంటూ జొన్నరొట్టెలు చేసి అమ్మేది. "బుద్ధి కుదిరేదాంక పెట్టుకో అక్కా" అంది అమ్మ. పెద్దమ్మ నా వైపు చూసి, "బుద్ధి యాడ జారిపోయిందో ఎతుకుదాం లే. కూడు తినిందా?" అంది. అమ్మ తినకుండానే తిరుగు బస్సుకు వెళ్ళిపోయింది. నాయన మిల్లు నుంచి వచ్చే వేళకు ఇంట్లో ఉండాలి కదా.

మరునాడు తెల్లవారగానే వంటింట్లోంచి చప్పుడు వచ్చింది. అరచెయ్యి పడే చప్పుడు. ఒకటి, రెండు, మూడు, ఆగకుండా. నాకు అంతకుముందు ఆ చప్పుడుకు ఒకటే అర్థం తెలుసు. నేను మంచం కిందికి దూరి, చేతులతో తమ్ముడి కోసం తడిమాను. వాడు పక్కన లేడని అప్పుడు గుర్తొచ్చింది. ఎంతసేపు ఉన్నానో. పెద్దమ్మ వచ్చి వంగి చూసింది. రమ్మనలేదు, లాగలేదు. వంటింట్లోకి పోయి రొట్టెల పీట, పిండి గిన్నె తెచ్చి నా ఎదురుగా నేల మీదే పెట్టుకుని కూర్చుంది. పిండి ముద్ద పీట మీద వేసి అరచేత్తో తట్టసాగింది. ముద్ద తిరుగుతూ, వెడల్పవుతూ, పలచబడుతూ పోయింది. "పిండిమ్మే. పిండినే తడ్తాండా" అంది. "దీన్ని కొడితే ఇరుగుతాది. తడ్తే సాగుతాది." తర్వాత పెనం మీద వేయడానికి లేచి వెళ్ళింది, మళ్ళీ వచ్చి కూర్చుని ఇంకో ముద్ద తీసుకుంది. ఆ పొద్దు రొట్టెలన్నీ ఆమె అలాగే మంచం ముందు తట్టింది. కొనడానికి వచ్చినవాళ్ళు "ఏందమ్మా, వంటిల్లు మార్చినావా?" అంటే, "ఈడ గాలి బాగుండాది" అంది. ఆ పెద్దమ్మ కోసం దేవునికి ఈనాటికీ స్తోత్రం చెప్తాను. అందులో మార్పు లేదు.

ఆమె నన్ను బడికి పంపింది. ఇరవై రోజులు పోయాను. నా వెనక నిలబడిన పిల్ల తెలియక నా జడ తాకితే తిరిగి కొట్టాను. పలక విరిచాను, ఒకరి పలక కాదు, ముగ్గురివి. నన్ను తీసుకుపొమ్మని పంతులు కబురు చేశాడు. పెద్దమ్మ బడికి వచ్చి నన్ను తీసుకువచ్చింది. ఇంటికి వస్తూ దారిలో, "నేనే చెప్తా లే సదువు. నాకు వచ్చినంత చెప్తా. మిగిలింది నువ్వే నేర్చుకో" అంది. అలా నా చదువు ఈ ఇంట్లోనే జరిగింది. పీట మీద మిగిలిన జొన్నపిండిని చదునుగా పరిచి దాని మీద వేలితో అక్షరాలు రాయించేది. తప్పు పోతే అరచేత్తో ఒకసారి తుడిస్తే చాలు, తప్పు కనపడదు. బైబిలు వాక్యం కూడబలుక్కుని చదవడం, పాటల పుస్తకం అట్టలు ఊడిపోయేదాకా చదవడం, రొట్టెలు చుట్టడానికి వచ్చిన పాత పేపర్లు చదవడం. నేను బడి మెట్లు మళ్ళీ ఎక్కలేదు.

పెద్దమ్మకు ఒక పద్ధతి ఉండేది. పొయ్యి ఆర్పాక, దీపం పెట్టే వేళ ఇద్దరం చాప మీద కూర్చుని ఆ రోజు జరిగిన ఒక మేలుకు స్తోత్రం చెప్పాలి. దానికి రెండు కట్టుబాట్లు. నిన్న చెప్పింది ఈరోజు చెప్పకూడదు. జరగనిది చెప్పకూడదు. "దేవునికి ఇచ్చకాలు వద్దు. ఉన్నదే చెప్పాల. లేకుంటే ఊరకుండు" అనేది. తను "ఈ పొద్దు పిండి ఇరగల్యాదు, స్తోత్రం" అనేది. నేను "ఈ పొద్దు బస్టాండు కుక్క నన్ను కరవల్యాదు, స్తోత్రం" అనేదాన్ని. "నువ్వు దాన్ని కరవల్యాదు, దానికి గూడా చెప్పు" అనేది నవ్వకుండా. రోజూ కొత్తది వెతకాలి కాబట్టి రోజంతా కళ్ళు తెరిచి ఉండాల్సి వచ్చేది. నేను మెల్లగా కొట్టడం మానేశాను. నాలో నాయన పోయాడని కాదు, అతనికి పని తగ్గింది.

ఆ ఏడాది చివర పెద్దమ్మ గడ్డి కప్పు తీసేసి రేకులు వేయించి కృతజ్ఞతా కూడిక పెట్టింది. మాలో ఏదైనా మేలు జరిగితే ఇంటికి నలుగురిని పిలిచి, పాటలు పాడి, ప్రార్థన చేయించి, టీ, కారం బొరుగులు ఇవ్వడం ఆచారం. నంద్యాల నుంచి అమ్మ, నాయన, తమ్ముడు పొద్దున బస్సుకే వచ్చారు. నాయన డోలక్ తెచ్చాడు. అమ్మ నాకోసం తనే కుట్టిన పచ్చ గౌను తెచ్చింది, మెడకు లేసు. వంటింట్లో నన్ను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వింది. గూట్లో పెట్టిన దువ్వెన కోసం ఆమె చెయ్యి పైకెత్తినప్పుడు నా భుజాలు వాటంతట అవే చెవుల దాకా లేచాయి. ఆమె చెయ్యి కాసేపు గూటి దగ్గరే ఆగింది. తర్వాత చాలా మెల్లగా దువ్వింది. చిక్కులు తీయడానికి కూడా లాగలేదు. ఆమె ఆ పొద్దు నన్ను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చిందని, నాయనను ఒప్పించుకుని వచ్చిందని పెద్దమ్మకు తెలుసు. నాకు తెలియదు. కూడిక అయ్యాక చెప్పి సంతోషపెట్టాలని ఇద్దరూ అనుకున్నారట.

ఇల్లు నిండింది. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క, మధ్యలో పిల్లలం. పాటలయ్యాక మా పాస్టరు అయ్యగారు, "పిల్లలు గూడా ఒక్కొక్క స్తోత్రం చెప్పండమ్మా" అన్నాడు. ఒకరు పరీక్ష పాసయినందుకు చెప్పారు. ఒకరు జ్వరం తగ్గినందుకు చెప్పారు. నా వంతు వచ్చింది. రోజూ చేసే పనే కాబట్టి నాకు బెరుకు లేదు. అందరికంటే బాగా చెప్పాలని, పెద్దమ్మ మెచ్చుకోవాలని, అమ్మ చూడాలని లేచి నిలబడ్డాను. జరిగింది చెప్పాలి, ఇంతకుముందు చెప్పనిది చెప్పాలి. "ఈ ఇంట్లో ఎవురూ ఎవుర్నీ కొట్టరు. నాయన అమ్మను కొట్టే చప్పుడు ఈడికి రాదు. అమ్మ గూడా నన్ను ఈడ కొట్టదు. అందుకు దేవునికి స్తోత్రం" అన్నాను.

అలవాటు అంత గట్టిది. ఇల్లంతా ఒక్క గొంతుతో "స్తోత్రం" అనింది. నాయన గొంతు కూడా అందులో ఉంది, నాకు వినపడింది. ఆ మాట నోట్లోంచి వెళ్ళిపోయాక అప్పుడు ఒక్కొక్కరికీ అర్థమయింది. ఎవరో దగ్గారు. ఆడవాళ్ళు అమ్మ వైపు చూడకుండా ఉండటానికి రేకుల వైపు చూశారు. అయ్యగారు గొంతు సవరించుకుని, "పాట పాడుకుందాం" అన్నాడు. నాయన డోలక్ అందుకున్నాడు. ఒక్క దెబ్బ కూడా తప్పు పోలేదు. నేను కూర్చున్నాను, బాగా చెప్పానా లేదా అని అమ్మ మొహం వెతుకుతూ. అమ్మ నన్నే చూస్తోంది. ఆ చూపును అప్పుడు కోపం అనుకున్నాను.

టీ కాగకముందే వాళ్ళు లేచారు. పెద్దమ్మ వీధి దాకా వెళ్ళి, "సాలోమీ, పిల్ల గుడ్డలు సర్దనా?" అంది. అమ్మ తల అడ్డంగా ఊపింది. "ఉండనీలే అక్కా. దానికి ఈడనే బాగుండాది. అదే చెప్పింది గదా." తమ్ముడు వెనక్కి తిరిగి నాకు చెయ్యి ఊపాడు. నొసటి మీద గీత కొత్తగా, గులాబీ రంగులో ఉంది. నేను ఆ సాయంత్రం, నిజం చెప్పాలంటే, హాయిగా బొరుగులు తిన్నాను.

మళ్ళీ నన్ను ఎవరూ రమ్మనలేదు. నేను ఇక్కడే పెరిగాను, ఇక్కడే పెద్దదాన్నయ్యాను. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. పిల్లలు పుడితే నా చెయ్యి ఏం చేస్తుందోనన్న భయం ఎవరికీ చెప్పలేదు. అమ్మ ఏడాదికి రెండు మూడుసార్లు వచ్చి చూసి వెళ్ళేది. వచ్చి నా ఎదురుగా కూర్చునేది, కానీ నేను మాట్లాడటం మొదలుపెట్టగానే మొహం పక్కకు తిప్పేది. ఎడమ పక్కకు, గోడ వైపు. కూడికలో పరువు తీసినందుకు నన్ను క్షమించలేదని అనుకున్నాను. అలా అనుకుని మాటలు తగ్గించాను. నేను తగ్గిస్తే ఆమె కూడా తగ్గించింది. నాయన పోయాడు, పెద్దమ్మ పోయింది. ఆఖరికి మేమిద్దరం ఎండలు, వానలు, బస్సుల గురించి మాత్రమే మాట్లాడుకునే తల్లీకూతుళ్ళమయ్యాం.

అమ్మ పోయినప్పుడు, మట్టిచేసి వచ్చిన సాయంత్రం తమ్ముడు నా పక్కన కూర్చుని చెప్పాడు. వాడు నవ్వకుండా మాట్లాడటం నేను చూసింది ఆ ఒక్కసారే. "ఆ పొద్దు కూడిక నుంచి ఇంటికి పోయినాంక, తలుపేసి కొట్టినాడక్కా. 'పిల్లకు నేర్పించి చెప్పించినావు గదా' అని. చెవి మీదనే కొట్టినాడు. ఎడం చెవు పోయింది అమ్మకు. నీకు చెప్పొద్దనింది. 'అది ఉన్నదే చెప్పింది, దాని తప్పు ల్యాదు' అనింది."

అంటే నేను మాట్లాడుతున్నప్పుడు ఆమె మొహం తిప్పుకోలేదు. వినపడే చెవిని నా వైపు తిప్పేది. ముప్పై ఏళ్ళకు పైగా నా మాట వినాలని తిప్పిన తలను చూసి, వినడం ఇష్టం లేదని నేను నోరు మూసుకున్నాను.

నా సాక్ష్యంలో నేను ఎప్పుడూ వదిలేసిన ముక్క అమ్మ. దేవుడు నన్ను చెడ్డ ఇంట్లోంచి తీసి మంచి ఇంట్లో పెట్టాడని చెప్పేదాన్ని, వినేవాళ్ళకు కథ సాఫీగా ఉండేది. అమ్మను ఆ చెడ్డ ఇంట్లోనే వదిలేసి కథ ముగించేదాన్ని. ఆ మొదటి రోజు పెద్దమ్మ నన్ను దించుకుని అమ్మను బస్సెక్కించింది. ఈ ఇంట్లో ఇంకో ఆడమనిషికి చోటు లేకనా? ఉంది. నువ్వు కూడా ఉండు సాలోమీ అని ఎందుకు అనలేదు? మొగుడున్న ఆడదాన్ని ఇంట్లో పెట్టుకుంటే ఊరు ఏమంటుందోనని భయపడిందేమో. నాయన వచ్చి వీధిలో నిలబడతాడని భయపడిందేమో. అసలు ఆ ఆలోచనే రాలేదేమో. నేను ఎన్నడూ అడగలేదు. ఆమె మేలు తిన్న నోటితో ఆ ప్రశ్న అడగడం కృతఘ్నత అనిపించింది. ఇప్పుడు ఆమె లేదు, ప్రశ్న మాత్రం ఇల్లంతా తిరుగుతోంది.

కాలం మారలేదని అనను. ఆ రోజు అయ్యగారు పాట పాడించాడు. ఇప్పటి అయ్యగారి భార్య సునీత వెంట పోలీసు స్టేషనుకు వెళ్ళి కూర్చుని కాగితం రాయించి వచ్చింది. సునీత తన కాళ్ళ మీద తను నడిచి బయటికి వచ్చింది; మా అమ్మకు ఆ గడప దాటి బయటపడొచ్చని కూడా తెలియదు. ఇవన్నీ మేళ్ళే, లెక్కకు తీసుకోవలసిన మేళ్ళే. అయినా ఆ మొగుడు పక్కన లేకపోయినా అతని కోసం ఎత్తిన భుజాలు పిల్లకు ఇంకా దిగలేదు. తల్లి నోట్లోంచి నేను ఎనిమిదేళ్ళప్పుడు విన్న మాటే మళ్ళీ వచ్చింది, దాదాపు అవే అక్షరాలతో. పిల్ల దాన్ని నమ్మడానికి ఎంతసేపు పడుతుంది?

ఆదివారం పొద్దున గుడికి బయలుదేరేముందు సునీత సంచిలోంచి పిల్ల బట్టలు తీసి అలమరలో సర్దుతోంది. బ్లెస్సీ మంచం మీద కూర్చుని, ఒక్కో గౌను అలమరలోకి పోవడం చూస్తోంది.

"పిల్లను పెట్టుకోను సునీతా" అన్నాను.

ఆమె చేతిలో గౌను అలాగే ఉండిపోయింది. "నువ్వు గూడా ఇట్లంటే ఎట్లత్తా? నాయన చెప్పినాడు, నువ్వు కాదనవని."

"పిల్లనొక్కదాన్నే పెట్టుకోనంటాండా. నువ్వుంటే అదుంటాది. నువ్వు పోతే దాన్ని గూడా పిల్చుకపో."

"నేనీడుండి ఏం చేయాల? నా పని ఆడ."

"పొద్దున్నే నంద్యాలకు బస్సులుండాయి. సాయంత్రం వస్తాయి. పగలు నేను చూసుకుంటా. పొద్దుగూకేటప్పటికి నువ్వు ఈడుండాల. అది నిన్ను చూసి పండుకోవాల."

"వాడు ఈడికొస్తే?"

"రానీ. బస్టాండు పక్కన ఇల్లు. అరిస్తే వందమంది వస్తారు."

"నువ్వు అరుస్తావా?" అంది. పిల్లతో వచ్చినప్పటి నుంచి మొదటిసారి ఆమె మూతి కొంచెం వంకరపోయింది, నవ్వు రాబోయి ఆగినట్టు. "నువ్వు పాట గూడా గట్టిగా పాడవు గదత్తా."

"నేర్చుకుంటా."

ఆమె మంచం పట్టె మీద కూర్చుంది. పిల్లకు వినపడకుండా, "నా చెయ్యి ఆగదత్తా" అంది. "తెలుసు" అన్నాను. ఆగుతుందని మాట ఇవ్వలేను. మా అమ్మది ఆగి ఉండేదో లేదో కూడా నాకు తెలియదు. ఆగడానికి ఆమెకు ఒక చోటు ఎవరూ ఇవ్వలేదని మాత్రం తెలుసు.

తమ్ముడికి ఫోను చేసి చెప్తే, "ఇద్దరినా?" అన్నాడు. ఇద్దరినే అన్నాను. తర్వాత "దాని మంచం తెచ్చి ఏస్తా" అన్నాడు.

ఇది జరిగి వారం కాలేదు. అంతా కుదిరిందని రాయలేను. బ్లెస్సీ రెండు రోజులు కరవలేదు, మూడో రోజు కరిచింది, ఈసారి నన్ను. కుళాయి దగ్గర నీళ్ళలో ఆడుతుంటే జ్వరం వస్తుందని చెయ్యి పట్టుకుని లాగాను. లాగకుండా ఉండాల్సింది. మణికట్టు మీద పళ్ళు దిగాయి. అప్పుడే సునీత బస్సు దిగి, భుజాన సంచితో వాకిట్లోకి అడుగుపెట్టింది. చూసింది. చెప్పులు కూడా విడవకుండా రెండంగల్లో వచ్చింది, చెయ్యి పైకి లేచింది. పిల్ల భుజాలు చెవుల దాకా పోయాయి, కళ్ళు మూసుకుంది. ఆ చెయ్యి గాలిలో ఉండటం మేము ముగ్గురం అలా ఉండిపోయి చూశాం, కళ్ళు మూసుకున్న పిల్ల కూడా చూసిందనే అనుకుంటాను. అది దిగడానికి చాలాసేపు పట్టింది. దిగి తన సంచి పట్టీనే గట్టిగా పట్టుకుంది.

"గాయానికి పెట్టే మందు యాడుండాదత్తా?" అంది సునీత.

లోపల రెండో అరలో ఉందన్నాను. ఆమె లోపలికి వెళ్ళింది. బ్లెస్సీ ఒక కన్ను తెరిచింది, తర్వాత రెండోది.

"అమ్మ యాడికి పోయె?" అని అడిగింది.

"మందు తేనీకి పోయింది. వస్తాది" అన్నాను.